జెండా మీద పక్షి ఉన్న దేశాలు ఎన్ని? అపార్ట్‌మెంట్ క్విజ్ కోసం, కొంచెం అర్జెంటు

బాల్కనీ తులసి (సర్జాపుర రోడ్డు)

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో ఆగస్టు 15కి క్విజ్ పెడుతున్నారు. ప్రశ్నలు తయారుచేసే పని నా నెత్తిన పడింది. పాటల రౌండు, సినిమాల రౌండు ఎప్పుడూ ఉండేవే కదా, ఈసారి జెండాల రౌండ్ పెడదామనుకున్నాను. మొదటి ప్రశ్న "జాతీయ జెండా మీద పక్షి బొమ్మ ఉన్న దేశాలు ఎన్ని?" అని రాసుకున్నాను. జవాబు వెతికితే ఒక్కో చోట ఒక్కో లెక్క చెబుతున్నారు.

మా కమిటీలో రిటైరైన కన్నడ అంకుల్ ఒకరున్నారు. ఏ జవాబు చెప్పినా "ఆధార ఏనమ్మా?" అంటారు. ఆయన ముందు నోరు వెళ్లబెట్టకుండా ఉండాలంటే సరైన అంకె కావాలి. నాకు గుర్తున్నవి ఉగాండా, జాంబియా, మెక్సికో, ఈజిప్టు, అల్బేనియా. మిగతావి చెప్పి పుణ్యం కట్టుకోండి.

బజర్ రౌండ్ (మల్లేశ్వరం)

తులసిగారూ, "ఎన్ని" అని మాత్రం అడగకండి. 1983 నుంచి కర్ణాటక క్విజ్ అసోసియేషన్ నడుస్తున్న ఊరిది. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక్కడైనా లేచి "సెర్బియాను లెక్కలో వేశారా?" అంటాడు.

గొడవ ఎక్కడ వస్తుందంటే, కొన్ని దేశాలకు రెండు రకాల జెండాలుంటాయి. జనం ఎగరేసుకునేది ఒకటి, ప్రభుత్వ కార్యాలయాల మీద ఎగిరేది ఇంకొకటి. సెర్బియా ప్రభుత్వ జెండా మీద రెండు తలల గద్ద ఉంటుంది, జనం జెండా మీద ఉండదు. బొలీవియా అధికార చిహ్నంలో కాండోర్ రాబందు ఉంది, మామూలు మూడు రంగుల జెండాలో లేదు. అలా చూస్తే జర్మనీ, ఆస్ట్రియా, పోలండ్ ప్రభుత్వ జెండాల మీదా గద్దలున్నాయి. మరి వాటిని కలుపుతారా, వదిలేస్తారా? ఫిజీ సంగతి ఇంకా తమాషా. డాలులో ఒక గడిలో పావురం ఉంటుంది. పక్క గడుల్లో చెరకు, కొబ్బరిచెట్టు, అరటి గెల. పైన సింహం పట్టుకున్న కోకో కాయ కూడా ఉందండోయ్. పావురాన్ని చూడాలంటే జెండాను ముఖానికి దగ్గరగా పెట్టుకోవాలి.

ఎవరూ కాదనలేనివి ఇవి: ఉగాండా, జాంబియా, జింబాబ్వే, పాపువా న్యూగినీ, కిరిబాటి, డొమినికా, కజకస్థాన్, అల్బేనియా, ఈజిప్టు, మెక్సికో, మోల్డోవా, మాంటెనెగ్రో. చిహ్నం లోపల ఉన్నా లెక్కే అంటే ఈక్వెడార్, గ్వాటెమాలా కూడా వస్తాయి. అందుకే అంకె అడగొద్దు, కథ ఉన్న జెండాను పట్టుకుని అడగండి.

ఐటీ కూలీ (మారతహళ్లి)

అమెరికా గద్ద ఎక్కడ అన్నా? లిస్టులో మర్చిపోయావ్.

బజర్ రౌండ్

అది జెండా మీద లేదు బ్రో, ప్రభుత్వ ముద్ర మీద ఉంది. జెండా మీద చుక్కలు, చారలే. ఇండోనేషియా గరుడుడి విషయంలోనూ అందరూ ఇక్కడే బోల్తా పడతారు. గరుడుడు వాళ్ల జాతీయ చిహ్నం. జెండా మాత్రం పైన ఎరుపు, కింద తెలుపు, అంతే. ఆ చిహ్నంలో గరుడుడి ఒక్కో రెక్కకు 17 ఈకలు, తోకకు 8, మెడకు 45 ఉంటాయి. అంటే 17-8-1945, వాళ్లు స్వాతంత్ర్యం ప్రకటించుకున్న తేదీ. తులసిగారూ, దీన్ని రాసిపెట్టుకోండి. ఈకల లెక్క చెప్పి "ఏ దేశం?" అని అడిగితే హాలు మొత్తం ఆలోచనలో పడుతుంది.

హెబ్బాళ బైనాక్యులర్

ఆదివారం పొద్దున్నే చెరువు గట్టున తిరిగేవాణ్ణి, పక్షుల మాట వస్తే ఊరుకోలేను. క్విజ్ వాళ్లకు జెండాలో "గద్ద ఉందా లేదా" అన్నదే ముఖ్యం. నాకైతే ఏ పక్షి, ఎందుకు ఆ పక్షి అన్నది ముఖ్యం.

నా లెక్కలో ఇవి రెండు జాతులు. ఒకటి, ఆ దేశంవాళ్లు ఇంటి బయటకొస్తే కనబడే పక్షి. రెండోది, రాజులు ముద్రల మీద వేయించుకున్న పక్షి. ఈ రెండో రకాన్ని ఏ బైనాక్యులర్‌తో చూసినా కనబడదు. నాకు మొదటి రకమే ఇష్టం.

ఉగాండా చూడండి. నలుపు, పసుపు, ఎరుపు పట్టీలు ఆరు, మధ్యలో తెల్లటి వలయం, అందులో ఒక కాలు ఎత్తి నిలబడిన కిరీటం కొంగ. 1962 అక్టోబరు 9న స్వాతంత్ర్యంతోపాటే ఎగిరిన జెండా ఇది. ఎత్తిన కాలు దేశం ముందుకు అడుగేస్తోందనడానికి గుర్తు అంటారు. ఈ కొంగకు కాలి వెనకవేలు పొడుగు. అందుకే చెట్టు కొమ్మను పట్టుకుని పైనే నిద్రపోగలదు. మన సారస కొంగకు ఆ సౌకర్యం లేదు పాపం, నేల మీదే ఉండాలి. ఉగాండా ఫుట్‌బాల్ జట్టును కూడా "క్రేన్స్" అనే పిలుస్తారు. జెండా మీద ఇంత దర్జాగా నిలబడ్డ పక్షి అసలు ప్రాణానికే ముప్పొచ్చింది. చిత్తడి నేలలు పోతుండడంతో అంతరించే ప్రమాదమున్న జాబితాలోకి చేరింది.

డొమినికా చిలుక సిసెరూ. కరీబియన్‌లోని ఆ చిన్న దీవి కొండ అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. రొమ్ము ఊదారంగు. దేశాల జెండాల్లో ఊదారంగు కనబడడమే అరుదు, ఈ చిలుక పుణ్యాన డొమినికా జెండాకు ఆ రంగొచ్చింది. చుట్టూ పది ఆకుపచ్చ నక్షత్రాలు, వాళ్ల పది జిల్లాలకు గుర్తు. 2017లో మరియా తుపాను ఆ అడవుల్ని ఊడ్చిపెట్టింది. మిగిలిన చిలుకల్ని వెతికి లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి వచ్చింది.

ఇక కిరిబాటి. పసిఫిక్ మధ్యలో ఉన్న దీవులు. కింద సముద్రపు అలలు, ఉదయించే సూర్యుడు, పైన ఎగిరే ఫ్రిగేట్ పక్షి. సూర్యుడికి 17 కిరణాలు. గిల్బర్ట్ దీవులు 16, బనాబా ఒకటి. ఫ్రిగేట్ పక్షి సముద్రం మీదే బతుకుతుంది కానీ నీళ్ల మీద దిగలేదు, ఈకలు తడిసిపోతాయి. వేరే పక్షులు పట్టిన చేపల్ని గాల్లోనే లాక్కుని తింటుంది. అంత దొంగ పక్షిని జెండాకెక్కించుకున్నారంటే, దాన్ని ఎంత దగ్గరగా చూస్తూ పెరిగి ఉండాలి!

జాంబియాది చేపల గద్ద. ఒళ్లు గోధుమ రంగు, తల, రొమ్ము తెలుపు. ఉల్సూరు చెరువు మీద తిరిగే మన గరుడ పక్షిని చూస్తే ఆ పోలిక వెంటనే తెలుస్తుంది. జెండాలో మాత్రం ఒంటికి నారింజ రంగు పులిమేశారు.

ఐటీ కూలీ

ఆఫీసుకు వెళ్తూ బస్సులో చదువుతున్నా. సిల్క్ బోర్డు దగ్గర ఎలాగూ అరగంట ఆగుతుంది, ఇంకా రాయండి సార్.

చిక్కపేట స్క్రీన్

అందరూ చూసి మాట్లాడుతున్నారు, నేను అచ్చేసి మాట్లాడతా. మాది హిందూపురం. చిక్కపేట దగ్గర చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపు నాది. హోటళ్లలో విదేశీయులతో మీటింగులు జరిగితే టేబుల్ మీద పెట్టే చిన్న జెండాలు వేస్తాం. ఆ పని మీద చెబుతున్నా, జెండాలో పక్షి ఉందంటే మాకు టెన్షన్.

రంగుకు ఒక స్క్రీన్, అంటే సిరా దిగే జాలీ చట్రం, చెయ్యాలి. ఫ్రాన్స్, ఇటలీ అయితే పట్టీలు లాగేస్తే అయిపోయింది. ఉగాండా కొంగకు ఒంటికి బూడిద రంగు వేరే, కాళ్లకు నలుపు, గొంతు కింద ఎరుపు, తల మీద పసుపు కుచ్చు. ఆరంగుళాల జెండాలో ఆ కుచ్చు ఎంతుంటుంది? బియ్యపు గింజంత. ఒక స్క్రీన్ వెంట్రుకవాసి జరిగినా ఎరుపు వెళ్లి కన్ను మీద పడుతుంది. గ్వాటెమాలా ఆర్డరొస్తే దండం పెట్టి డిజిటల్ ప్రింట్ వేయించుకోండి అంటా. కెట్జాల్ పక్షి, దాని కింద కాగితం చుట్ట, దాని వెనక తుపాకులు, కత్తులు, చుట్టూ ఆకులు. చుట్ట మీద స్పానిష్‌లో 1821 సెప్టెంబరు 15 అని తేదీ కూడా. ఆరంగుళాల్లో అది ఎవరు చదువుతారు సార్?

అసలు తిప్పలు రంగు కాదు, వెనక వైపు. జెండాకు రెండు వైపులుంటాయి కదా. కాగితం మీద డిజైన్ గీసేవాళ్లకు ఇది గుర్తుండదు. ఉగాండా కొంగ జెండా కర్ర వైపు చూస్తుంది. వెనక్కి తిప్పి చూసినా కర్ర వైపే చూడాలి. అంటే వెనక అచ్చు అద్దంలో ప్రతిబింబంలా రావాలి. అదే స్క్రీన్‌తో రెండు వైపులా లాగేస్తే ముందు కొంగ కర్రను చూస్తుంది, వెనక కొంగ కర్రకు వీపు పెట్టి నిలబడుతుంది. టేబుల్‌కు అటు కూర్చున్నవాళ్లకు ఒక కొంగ, ఇటు కూర్చున్నవాళ్లకు ఇంకో కొంగ. అలాంటి జెండాలు మార్కెట్లో బోలెడున్నాయి, గమనించండి.

అక్షరాలుంటే ఇంకా కష్టం. అద్దం అచ్చు వేస్తే రాత తిరగబడుతుంది. సౌదీ జెండా మీద మతవాక్యం ఉంటుంది కాబట్టి రెండు గుడ్డలు విడివిడిగా చేసి వీపులు కలిపి కుడతారు, ఎటు చూసినా కుడి నుంచి ఎడమకు సరిగా చదవొచ్చు. పరాగ్వే వాళ్లయితే ఏకంగా ముందొక చిహ్నం, వెనక వేరే చిహ్నం పెట్టుకున్నారు. ముందు నక్షత్రం, వెనక సింహం.

జాంబియా ఇంకో రకం. ఆ గద్దను, దాని కింద మూడు పట్టీల్ని కర్రకు దూరంగా, ఎగిరే చివర్న పెట్టారు. ఏ జెండా అయినా గాలికి ముందు చినిగేది ఆ చివరే. పక్షి మొదట పోతుంది, వట్టి ఆకుపచ్చ గుడ్డ మిగులుతుంది.

బాల్కనీ తులసి

అన్నా, ఇది అద్భుతంగా ఉంది. రెండు వైపుల సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. మరి మన జెండాకు ఆ సమస్య లేదు కదా? చక్రం ఎటు చూసినా ఒకటే.

కృష్ణాతీరం (జయనగర్, సొంతూరు బందరు)

అమ్మా, సమస్య లేకపోవడం ఊరికే జరగలేదు. మీరు అడిగినదాని వెనక పెద్ద కథే ఉంది.

మన పింగళి వెంకయ్యగారు 1876లో బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. జాతీయ జెండా ఎలా ఉండాలో రకరకాల నమూనాలతో 1916లోనే పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీగారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనా ఇచ్చారు. గాంధీగారు తెలుపు కలపమన్నారు, చరఖా ఉండాలన్నారు. 1931కి వచ్చేసరికి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో నీలం చరఖా.

ఇప్పుడు మన ప్రింటర్ తమ్ముడు చెప్పిన మాట పట్టుకోండి. చరఖాకు ఒక వైపు చక్రం, రెండో వైపు కదురు. జెండాను అటు తిప్పితే కదురు ఇటొస్తుంది, చక్రం అటు పోతుంది. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో జెండా తీర్మానం ప్రవేశపెడుతూ నెహ్రూగారు సరిగ్గా ఇదే చెప్పారు. జెండా మీద గుర్తు రెండు వైపులా ఒకేలా ఉండాలన్నది నియమం, చరఖాతో అది కుదరడంలేదు, అందుకని చరఖాలో ముఖ్యమైన చక్రాన్ని ఉంచుకున్నాం అన్నారు. ఆ చక్రానికి అశోకుడి సారనాథ్ స్తంభం మీది చక్రాన్ని తీసుకున్నారు, 24 ఆకులతో. ధర్మం, చరిత్ర అన్నీ ఉన్నాయి, కాదనను. దర్జీ బాధ కూడా అందులో ఉంది.

చిక్కపేట స్క్రీన్

పెద్దాయనా, ఇది నాకు తెలియదు! రేపు షాపులో కుర్రాళ్లకు చెబుతా. మన జెండా నియమావళిలో ఇప్పటికీ రాసి ఉంది, చక్రం రెండు వైపులా పూర్తిగా కనబడాలని. ఖాదీ జెండాలు చేసే హుబ్బళ్లి బెంగేరి కేంద్రంలో దీన్ని చాలా గట్టిగా చూస్తారు. ముందు చక్రం, వెనక చక్రం ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోతే వెలుతురులో పెట్టినప్పుడు 24 ఆకులు కాస్తా 48 కనబడతాయి.

గోల్కొండ గాలిపటం (కోరమంగళ)

ఇప్పటి జెండా వెంకయ్యగారి డిజైన్ అని ఎలా అంటారు? అశోక చక్రంతో జెండా నమూనా గీసింది సురయ్యా త్యాబ్జీ అని చదివాను.

కృష్ణాతీరం

నాయనా, నేను రాసింది మళ్లీ చదువు. 1921 సంగతి, 1931 సంగతి, 1947 సంగతి విడివిడిగా రాశాను. ఆ మూడు రంగుల దారి వేసింది మా ఊరి మనిషి. ఆ మాట అనడానికి నాకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

గోల్కొండ గాలిపటం

దారి వేరు, డిజైన్ వేరు సార్. తెలుగువాడు కాబట్టి అంతా ఆయనకే కట్టబెడితే ఎలా?

వేదిక నిర్వాహకుడు

ఇద్దరూ కొంచెం ఆగండి. ఈ వాదన ఏటా ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి ఇక్కడ జరుగుతూనే ఉంది. దీనికి వేరే చర్చ తెరిచాను, అక్కడ తేల్చుకోండి. ఇక్కడ పక్షులు, గుర్తులు మాత్రమే. తులసిగారూ, ప్రశ్నను "1921లో బెజవాడలో గాంధీకి జెండా నమూనా ఇచ్చిన తెలుగువారెవరు?" అని పెట్టుకోండి, ఎవరూ లేచి నిలబడరు.

మైసూరు మల్లె (రాజరాజేశ్వరి నగర్)

ఇంతమంది బెంగళూరులో కూర్చుని పక్షుల గురించి మాట్లాడుతున్నారు, ఊరి పక్షిని మరిచారే! గండభేరుండం. రెండు తలలు, ఒకే ఒళ్లు. మైసూరు రాజులు ఒడెయార్ల ముద్ర, ఇప్పుడు కర్ణాటక రాష్ట్ర చిహ్నం. ఏ సర్కారీ కాగితం తీసుకున్నా పైన కనబడుతుంది. దానికి రెండు పక్కలా ఉన్నవి సింహాలనుకుంటారు చాలామంది, అవి శరభాలు, ఏనుగు తల, సింహం ఒళ్లు. 2018లో రాష్ట్రానికి పసుపు, తెలుపు, ఎరుపు జెండా ప్రతిపాదించినప్పుడు తెలుపు మీద దీన్నే పెట్టారు.

పాతదనం చూడాలంటే శివమొగ్గ జిల్లా బళ్లిగావి వెళ్లండి. 11వ శతాబ్దపు స్తంభం మీద మనిషి ఒంటితో, రెండు పక్షి తలలతో భేరుండేశ్వరుడు నిలబడి ఉంటాడు. బేలూరు గుడిలోనూ చెక్కారు. మన తెలుగువాళ్లకూ కొత్త కాదు. విజయనగరంలో అచ్యుతరాయలు కొట్టించిన బంగారు నాణేల మీద గండభేరుండం ఏనుగుల్ని ముక్కులతో, గోళ్లతో పట్టుకుని ఉంటుంది. అది ఏనుగుల్ని ఎత్తుకెళ్లేంత బలమైనదని చెప్పడం అన్నమాట. నాణెం చూస్తే వేలిగోరంత ఉంటుంది, ఏనుగు అందులో చీమంత.

అల్బేనియా జెండా చూసిన మొదటిసారి నేను ఇది మైసూరుదేమో అనుకున్నాను. ఎర్రటి గుడ్డ మీద నల్లటి రెండు తలల గద్ద. 15వ శతాబ్దంలో తుర్కులతో పోరాడిన స్కందర్‌బెగ్ వంశపు గుర్తు.

చిక్కపేట స్క్రీన్

మేడం, అల్బేనియా నాకు చాలా ఇష్టమైన ఆర్డర్! ఒకే రంగు, ఒకే స్క్రీన్. పైగా రెండు తలలు, ఒకటి అటు ఒకటి ఇటు. వెనక్కి తిప్పినా అదే బొమ్మ, కర్ర వైపు చూడాలా వద్దా అన్న గొడవే లేదు. నెహ్రూగారి నియమానికి సరిగ్గా సరిపోయే పక్షి ఇదొక్కటే.

హెబ్బాళ బైనాక్యులర్

అచ్చేసేవాడి సుఖం కోసం రెండు తలలు పెట్టలేదు లెండి. తక్షశిల దగ్గర సిర్కప్‌లో దాదాపు రెండు వేల ఏళ్ల నాటి స్తూపం మీద ఉంది రెండు తలల గద్ద. అంతకు వెయ్యేళ్ల ముందే ఇప్పటి తుర్కియే ప్రాంతంలో హిట్టైట్లు రాళ్ల మీద చెక్కారు. జెండాలు రాకముందే తిరుగుతున్న పక్షి అది. అయినా మీ మాటలో ఒక నిజం ఉంది. ముద్ర మీదైనా, గుడి గోడ మీదైనా రెండు పక్కలూ సమంగా ఉన్న బొమ్మకు ఉన్న నిలకడ ఒంటితల పక్షికి రాదు.

ఐటీ కూలీ

అల్బేనియా అంటే నాకు గుర్తొచ్చేది 2018 ప్రపంచకప్. స్విట్జర్లాండ్ తరఫున ఆడిన జాకా, షకీరి సెర్బియా మీద గోల్ కొట్టి రెండు చేతులు అడ్డంగా కలిపి వేళ్లు రెక్కల్లా ఆడించారు. ఇద్దరివీ కొసోవో మూలాలున్న అల్బేనియన్ కుటుంబాలు. ఫిఫా ఇద్దరికీ చెరో 10 వేల స్విస్ ఫ్రాంకులు జరిమానా వేసింది. తమాషా ఏంటంటే సెర్బియా జెండా మీదా రెండు తలల గద్దే, తెల్లది. గద్దతో గద్దకు గొడవ.

బజర్ రౌండ్

ఇది బజర్ ప్రశ్న! తులసిగారూ, ఆ ఫొటో పెద్ద తెర మీద వేసి "ఈ చేతుల గుర్తు ఏ పక్షి?" అని అడగండి.

చరిత్ర పంతులు (బసవనగుడి)

గద్దల్లో నాకు నచ్చిన కథ జింబాబ్వేది. గ్రేట్ జింబాబ్వే అని రాతి నగరం శిథిలాలున్నాయి. అక్కడ మెత్తటి సోప్‌స్టోన్‌లో చెక్కిన పక్షి విగ్రహాలు దొరికాయి. చేపల గద్దో, బటెల్యూర్ గద్దో అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. ఒక విగ్రహాన్ని బ్రిటిష్ వలస నాయకుడు సిసిల్ రోడ్స్ తీసుకుని కేప్‌టౌన్‌లో తన ఇంట్లో పెట్టుకున్నాడు, మరికొన్ని దక్షిణాఫ్రికా మ్యూజియానికి పోయాయి. 1980లో దేశం స్వతంత్రమైంది, ఆ పక్షి జెండాకెక్కింది. అసలు విగ్రహాల్లో చాలావరకు పరాయి దేశంలోనే ఉన్నాయి! మరుసటేడు దక్షిణాఫ్రికా కొన్నింటిని వెనక్కి ఇచ్చింది, ఊరికే కాదు. బదులుగా తేనెటీగలు, కందిరీగల నమూనాల పెద్ద సేకరణ పుచ్చుకుంది. పురుగులిచ్చి దేవుళ్లను తెచ్చుకున్నారు.

ఈజిప్టు గద్దను సలాదీన్ గద్ద అంటారు. కైరో కోట గోడ మీది పాత చెక్కడం దానికి మూలమని చెబుతారు. 1972లో దేశ చిహ్నంలో దాన్ని తీసి ఖురైష్ (ప్రవక్త మహమ్మద్ తెగ) డేగను పెట్టారు, 1984లో మళ్లీ గద్దే వచ్చింది. మెక్సికోది ఆజ్టెక్కుల కథ. బ్రహ్మజెముడు మీద వాలి పామును తింటున్న గద్ద కనబడిన చోట ఊరు కట్టుకోండని దేవుడు చెప్పాడట. చెరువు మధ్య దీవిలో కనబడితే అక్కడే టెనోచ్‌టిట్లాన్ కట్టారు. అదే ఇప్పటి మెక్సికో సిటీ.

పాపువా న్యూగినీ మాత్రం పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఆ జెండా రూపం సూసన్ కరికే అనే 15 ఏళ్ల బడిపిల్లది. అధికారులు మూడు నిలువు పట్టీల నమూనా ఒకటి పట్టుకుని ఊరూరా తిరుగుతుంటే, ఈ అమ్మాయి తన నమూనా గీసిచ్చింది. ఐమూలగా ఎరుపు, నలుపు రెండు భాగాలు. ఎరుపులో బర్డ్ ఆఫ్ ప్యారడైజ్, నలుపులో దక్షిణ ఆకాశపు చుక్కలు. 1971లో దాన్నే తీసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చింది 1975లో.

అడయారు అల (చెన్నై)

మద్రాసు నుంచి దూరుతున్నాను, క్షమించండి. పక్షి కాదు, సింహం. శ్రీలంక జెండాలో కత్తి పట్టిన సింహం కండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడి పతాకం నుంచి వచ్చింది. 1739 నుంచి కండీని ఏలింది నాయక రాజులు, మధురై నాయకుల బంధువులు. అంటే మూలాలు తెలుగు. 1815లో ఇంగ్లిష్ వాళ్లు కండీని పట్టుకుని రాజును వేలూరు కోటకు పంపారు. ఆయన 1832లో అక్కడే పోయాడు, పాలారు పక్కన సమాధి ఉంది. పతాకాన్ని లండన్ పట్టుకెళ్లారు, తర్వాత అక్కడే దొరికింది. బెంగళూరు నుంచి మద్రాసు వచ్చే దారిలోనే కదా వేలూరు, ఈసారి ఒక పది నిమిషాలు ఆగండి. అలాగే 1947 ఆగస్టు 15న మా సెయింట్ జార్జి కోట మీద ఎగరేసిన పట్టు జెండా కోట మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది.

గోల్కొండ గాలిపటం

సింహాలు లేని దీవి జెండా మీద సింహం. బైనాక్యులర్ సార్ రెండో జాతిలోకి ఇది కూడా వస్తుందేమో.

హెబ్బాళ బైనాక్యులర్

వస్తుంది. భూటాన్ డ్రాగన్ కూడా.

బాల్కనీ తులసి

అందరికీ చాలా థాంక్స్. పన్నెండు ప్రశ్నలు తయారయ్యాయి, "ఎన్ని" అన్న ప్రశ్న తీసేశాను. కన్నడ అంకుల్‌కు గండభేరుండం ప్రశ్న చూపిస్తే ఆధారం అడగలేదు. బళ్లిగావి స్తంభం ఫొటోలు తన ఫోన్‌లో ఉన్నాయి, తెర మీద అవే వెయ్యమన్నారు.

ప్రింటర్ అన్నా, స్టేజీ మీద పెట్టడానికి ఉగాండా, డొమినికా, అల్బేనియా, పాపువా న్యూగినీ టేబుల్ జెండాలు రెండేసి కావాలి. నేపాల్ కూడా ఒకటి. మా టవర్‌లో నేపాలీ కుటుంబం ఉంది, పిల్లలు అడుగుతున్నారు.

చిక్కపేట స్క్రీన్

చేస్తా మేడం. అల్బేనియా రెడీగా ఉంది. డొమినికా ఊదా రంగు కలపాలి, అది డిజిటల్‌లోనే వేస్తా, రెండింటి కోసం స్క్రీన్లు చేస్తే మీకు గిట్టదు. నేపాల్‌కు అచ్చు కంటే కత్తిరింపు ఎక్కువ. నాలుగు మూలల జెండా కాదు కదా, దాన్ని ఎలా గియ్యాలో కొలతలతో సహా వాళ్ల రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అంచు కుట్టడానికి మా టైలర్‌కు ఒక రోజు ఎక్కువ ఇవ్వండి. 10వ తేదీ లోపల ఎవరినైనా పంపండి, సాయంత్రం ఆరు తర్వాత అయితే చిక్కపేటలో బండి పెట్టడానికి చోటుండదు, మెట్రోలో రమ్మనండి.